కళ్లెక్కడ పెట్టుకున్నావు?

అధ్యక్షులకు, తోటి అధ్యాపకులకు, పీజీ విద్యార్థులకు నమస్కారం. నన్ను పరిచయం చేస్తూ చెప్పిన మంచి మాటలలో, ముప్పై ఏళ్లు చీకటి గదిలో కూర్చున్నానన్నది ఒక్కటే పూర్తిగా నిజం. నాకిచ్చిన అంశం వైద్య చిత్రాలు చదివేవారి కంటి కదలికల పరిశీలన. అయితే నేను మొదలుపెట్టవలసింది ఒక తిట్టుతో.

పీజీ రెండో సంవత్సరంలో ఒక బీడీ కార్మికుడి ఛాతీ ఎక్స్‌రేకు నేను నార్మల్ అని రిపోర్టు రాశాను. ఎనిమిది నెలల తరువాత ఆయన రక్తం దగ్గుతూ తిరిగి వచ్చారు. మా పెద్దాయన రెండు ఫిల్ములనూ వ్యూబాక్సు మీద పక్కపక్కన తగిలించి, డిపార్టుమెంటు అంతా చూస్తుండగా, “కళ్లెక్కడ పెట్టుకున్నావయ్యా?” అని అడిగారు. నేను తల దించుకున్నాను. ఆ ప్రశ్నకు అక్షరాలా జవాబు చెప్పగలిగే యంత్రం ఒకటి ఉందని నాకు అప్పటికి తెలియదు.

కంటిపై కనిపించని పరారుణ కాంతి వేసి, కంటిపాపను, నల్లగుడ్డు మీది మెరుపును కెమెరాతో పట్టుకుంటే, చూపు తెర మీద ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. చెయ్యి చాచి బొటనవేలి గోరు చూడండి. స్పష్టంగా కనిపించేది దాదాపు అంత మేరే. మిగిలిన ఫిల్మంతా మసకే, అందుకే చూపు సెకనుకు మూడు నాలుగు సార్లు దూకుతూ ఉంటుంది. విచిత్రమేమిటంటే, అనుభవజ్ఞులకు చూపు అలా దూకకుండానే చాలా తెలిసిపోతుంది. 1975లో కుండెల్, నోడిన్ అనే పరిశోధకులు ఛాతీ ఫిల్ములను సెకనులో ఐదో వంతు మాత్రమే చూపినా, రేడియాలజిస్టులు, అంటే ఇలాంటి చిత్రాలు చదివే వైద్యులు, దాదాపు 70 శాతం లోపాలను పట్టుకున్నారు. తీరుబడిగా చూడనిస్తే అది 97 శాతమైంది.

నాకు ఊరటనిచ్చింది మాత్రం వాళ్లు కార్మొడీ అనే మరో పరిశోధకుడితో కలిసి 1978లో చేసిన పని. రేడియాలజిస్టులు వదిలేసిన ఊపిరితిత్తుల గడ్డలలో చూపు అసలు చేరనివి 30 శాతమే. మరో 25 శాతం మీద చూపు పడినా గుర్తించేంతసేపు నిలవలేదు. తక్కిన 45 శాతం మీద చూపు చాలాసేపు నిలిచింది. చూసి, తూచి, ఏమీ లేదని తీర్పు చెప్పారన్నమాట. 2013లో డ్రూ బృందం సీటీ చిత్రాలలో సగటు గడ్డకు 48 రెట్లున్న గొరిల్లా బొమ్మను దాచితే, 24 మంది రేడియాలజిస్టులలో 20 మంది గమనించలేదు. వారిలో 12 మంది చూపు నేరుగా దాని మీదే పడింది. నవ్వకండి, వాళ్లు వెతుకుతున్నది గడ్డల కోసం.

మళ్లీ నా ఫిల్ముకు వస్తాను, క్షమించాలి. కుడి కాలర్ ఎముక కింద, మొదటి పక్కటెముక మృదులాస్థిని కలిసే చోట నేను వదిలేసిన నీడ ఉంది. నేను దాన్ని చూశాను. ఆ వయసులో అక్కడ సున్నం పేరుకోవడం మామూలే కదా అనుకుని, ఎడమవైపుతో పోల్చకుండా ముందుకు సాగాను. నా కళ్లు ఉండవలసిన చోటే ఉన్నాయి, తప్పిందల్లా నా తీర్పు. కానీ ఆ రోజు నాకు దొరికిన చికిత్స “ఇంకా జాగ్రత్తగా చూడు” అన్న మాటే. దాన్ని పట్టుకుని ఏడాదిపాటు ప్రతి ఫిల్మునూ రెట్టింపు సేపు చూస్తూ, లేని గడ్డలను రాసి, ఎంతమందిని అనవసరంగా సీటీకి పంపానో!

ఇక్కడున్న విభాగాధిపతులకు చేతులు జోడించి అడుగుతున్నాను. ఇకపై ఏ కుర్రవాడైనా ఒక నీడను వదిలేస్తే, కళ్లెక్కడ పెట్టుకున్నావని అడగకండి, “అక్కడ నీకేం కనిపించింది, దాన్ని ఏమనుకున్నావు?” అని అడగండి. చూడనివాడికి వెతికే క్రమం నేర్పాలి, చూసి తోసేసినవాడికి అలాంటి నీడలు యాభై పక్కపక్కన పెట్టి చూపాలి.

ఆ ఫిల్మును పేరు చెరిపి నాతోనే ఉంచుకున్నాను, ఈ రోజు తెచ్చాను. దయచేసి దీపాలు ఆర్పండి. రెండో సంవత్సరం విద్యార్థులు ఎవరైనా ముందుకు వచ్చి, కుడివైపు పైభాగంలో ఏమనుకుంటున్నారో చెప్పండి.