సూపర్‌సానిక్ విమానానికి లేజర్ దారి చేయగలదా?

సంచాలకురాలు: నేల మీదుగా పౌర విమానాలు ధ్వని వేగాన్ని మించి (సూపర్‌సానిక్‌గా) ఎగరరాదన్న 1973 నాటి అమెరికా నిషేధాన్ని ఎత్తివేయాలని 2025 జూన్‌లో అధ్యక్ష ఉత్తర్వు వెలువడింది. ఈ నేపథ్యంలో లేజర్‌తో డ్రాగ్‌ను, అంటే విమానాన్ని వెనక్కి లాగే గాలి నిరోధాన్ని, తగ్గించే పరిశోధనకు ప్రజాధనం ఇవ్వాలా? ఇరుపక్షాలకూ సమాన సమయం ఇస్తాను. దీనితో సోనిక్ బూమ్, అంటే అలాంటి విమానం వల్ల నేల మీద వినిపించే పేలుడు లాంటి చప్పుడు, తగ్గుతుందా?

లేజర్ ఇంజినీరు: ముందు డ్రాగ్ సంగతి చెప్పనివ్వండి. మొద్దు ముక్కుకు ఎదురుగా కేంద్రీకరించిన లేజర్ పల్స్ గాలిని ప్లాస్మాగా (విద్యుదావేశం పొందిన వేడి వాయువుగా) మార్చి, వేడెక్కి పలచబడిన బుడగను మిగులుస్తుంది. ఆ బుడగ తాకగానే ముక్కు ముందు ఏర్పడే తీవ్ర పీడన తరంగం, అంటే షాక్ వేవ్, ముందుకు ఉబ్బుతుంది, బుడగ వలయంలా సుడి తిరుగుతుంది, ముక్కు మీది పీడనం పడిపోతుంది.

విమాన రూపకర్త: మైక్రోసెకన్ల పాటు మాత్రమే...

లేజర్ ఇంజినీరు: అందుకే వరుస పల్స్‌లు! జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయంలో మాక్ 1.94 (ధ్వని వేగానికి 1.94 రెట్లు) గాలి ప్రవాహంలో సెకనుకు 80,000 పల్స్‌ల వరకు పంపి, చదును ముఖం గల స్థూపాకార నమూనా మీద డ్రాగ్‌ను 21 శాతం తగ్గించారు. వేరే ప్రయోగంలో, ఆర్గాన్ వాయువులో అయితే 45 శాతం దాకా...

విమాన రూపకర్త: మనం ఎగిరేది ఆర్గాన్‌లో కాదు కదా!

సంచాలకురాలు: మరి బూమ్ మాటేమిటి?

వాయుగతి పరిశోధకురాలు: నేలను చేరే చప్పుడులో విమానాన్ని మోసే లిఫ్ట్‌కూ వాటా ఉంటుంది కాబట్టి, ముక్కు దగ్గరి షాక్‌ను సడలించినంత మాత్రాన...

లేజర్ ఇంజినీరు: క్షమించాలి, అసలు విషయం పక్కకు పోతోంది. ఆదా అయ్యే శక్తి గాలికి ఇచ్చిన లేజర్ శక్తికి ఎన్నో రెట్లు.

విమాన రూపకర్త: ఆ లెక్కలో జనరేటర్ నుంచి లేజర్ లాగే విద్యుత్తు లేదు, దాని బరువు లేదు, అది విడిచే వేడి లేదు. పైగా సన్నని ముక్కు గల విమానంలో తగ్గించడానికి మిగిలే డ్రాగే తక్కువ. ట్రైడెంట్ క్షిపణికి డ్రాగ్ తగ్గించడానికి ముక్కు నుంచి బయటికి సాగే ములికి ఒక్కటే సరిపోయింది.

సంచాలకురాలు: అంటే ఇది క్షిపణుల కోసమా?

లేజర్ ఇంజినీరు: కాదు! ములికి దిశ మార్చుకోదు, ఎగిరే కోణం మారితే దాని ప్రయోజనం తగ్గుతుంది. లేజర్‌ను ఎటు కావాలంటే అటు, ఎప్పుడు కావాలంటే అప్పుడు గురిపెట్టవచ్చు. ఆదా ఎన్నో రెట్లని మళ్లీ చెబుతున్నాను.

విమాన రూపకర్త: విద్యుత్తును కలిపి చెప్పండి.

లేజర్ ఇంజినీరు: లేజర్ల సామర్థ్యం పెరుగుతూనే ఉంది, పరిశోధన ఆపితే ఆ లెక్క ఎవరు తేలుస్తారు?

సంచాలకురాలు: ఆసక్తికరమైన ప్రశ్న. బూమ్ సంగతి తేలలేదు కానీ, సమయం అయిపోయింది. పరిశోధకురాలు గారూ, ఒక్క మాటలో...

వాయుగతి పరిశోధకురాలు: ఒక్క మాటలో తేలేది కాదండీ, మొద్దు ముఖపు నమూనాల మీద వచ్చిన ఫలితాన్ని...

లేజర్ ఇంజినీరు: నేను ముగిస్తాను!