10 మీటర్ల ఎయిర్ రైఫిల్: ఇంట్ల బిగించి రేంజ్‌కు రెడీ చేసుడు

నమస్తే అందరికి. టేబుల్ మీదున్నది .177, అంటే 4.5 మిల్లీమీటర్ల మ్యాచ్ ఎయిర్ రైఫిల్, సిలిండర్ గాలితోని నడిచేది. ఈ సైజుల, 20 జౌల్స్ (దెబ్బ బలం కొలత) లోపు ఎయిర్ రైఫిల్‌కు మన దేశంల లైసెన్స్ అక్కర్లేదు. తూటాల తుపాకి సంగతి వేరే. దాన్ని లైసెన్స్ లేకుంట ఇంట్ల తయారు చేసుడు ఆర్మ్స్ యాక్ట్ కింద నేరం, దాని జోలికి మనం పోం.

కేస్ తెరవంగనే మొదటి పని: బోల్ట్ (పెల్లెట్ పెట్టే కాడి లివర్) ఎనుకకు లాగి లోపల పెల్లెట్ (సీసం గుండు) లేదని కండ్లతోని చూసుకోండ్రి. తర్వాత బ్యారెల్ల సేఫ్టీ తీగ పెట్టుండ్రి, నారింజ రంగుది. రెండు దిక్కులా బయటికి కనపడాలె. చూపు (గురి చూసే సైట్) బిగించెటప్పుడు గూడ అది తియ్యకుండ్రి.

ఇగ సిలిండర్. మీద కొట్టిన తేదీ చదువుండ్రి. చాలా కంపెనీలు తయారైన నాటి నుంచి 10 ఏండ్లే వాడుమంటయ్. తేదీ దాటిన సిలిండర్ పోటీల చెకింగ్ల దొరికితే బాధ్యత మీదే. మరలకు ఆయిల్, గ్రీజు అసలే పెట్టొద్దు, 200 బార్ (గాలి ఒత్తిడి కొలత) గాలిల ఆయిల్ అంటుకుంటే పేలొచ్చు. ఓ-రింగ్ (గాలి కారకుండ ఆపే రబ్బరు రింగ్) పొడిగైతే సిలికాన్ గ్రీజు, అది గూడ వేలికి అంటీ అంటనట్టు. చేత్తోనే బిగించుండ్రి, పానా వద్దు. ఎక్కించెటప్పుడు ఒక్కసారి "సుయ్" మంటే పర్వాలేదు, ఆగకుంట మోగితేనే ఓ-రింగ్ నలిగినట్టు. సాయంత్రం గేజ్ చూసి రాసుకోండ్రి, పొద్దుగాల మళ్ల చూడుండ్రి. రెండు మూడు బార్లు తగ్గితే చల్లదనానికే. 20 తగ్గితే లీకు.

చేతి పంపుతోని నింపేటోళ్లకు ఒక మాట. వానకాలంల గాలిల తేమ ఎక్కువ, ఆ నీళ్లు లోపలికి పోతయ్. పంపుకు తేమ పట్టే ఫిల్టర్ ఉండాలె. ఆగి ఆగి నింపుండ్రి, ఏకబిగిన కొడితే సిలిండర్ వేడెక్కి గేజ్ 200 చూపిస్తది, చల్లారినంక చూస్తే అంత ఉండది.

(ఇక్కడ దగ్గరి షాట్: పట్టా, చూపు)

ఎక్కువ మంది తప్పు చేసేది ఇగో ఇక్కడ. వెనక చూపు, అంటే డయాప్టర్ (సన్న రంధ్రంల నుంచి చూసేది), రైఫిల్ మీదున్న 11 మిల్లీమీటర్ల పట్టా (రైల్) మీద కూసుంటది. ముందు చూపుకు, దీనికి మధ్య 80 సెంటీమీటర్లు ఉన్నయనుకోండ్రి. టార్గెట్ 10 మీటర్లు, అంటే పన్నెండున్నర రెట్లు. మామూలు జిరాక్స్ కాయితం మందం ఉంటది సుమారు 0.1 మిల్లీమీటర్. చూపు గంత కదిలితే టార్గెట్ కాడ దెబ్బ 1.25 మిల్లీమీటర్లు జరుగుతది. తొమ్మిదో గీతకూ పదో గీతకూ నడుమ ఉన్నదే 2.5. సగం రింగు పోయినట్టే. గందుకే పట్టా మీద నూనె లేకుంట పొడి బట్టతోని తుడిచి, రెండు స్క్రూలు ఒకటి కొంచెం, ఇంకోటి కొంచెం, అట్ల బిగించుండ్రి. అయినంక రెండు వేళ్లతోని పట్టి ఊపి చూడుండ్రి. పెన్సిల్‌తోని గీత పెట్టుండ్రి, రేపు మళ్ల అదే జాగకు రావాలె. స్టాక్ (భుజానికి ఆనించే భాగం) బోల్టులు మాత్రం బుక్‌లెట్ల ఉన్న టార్క్‌కే, అంటే అంతే బలంతోని, బిగించుండ్రి. ఒక్కో రోజు ఒక్కో గట్టితనం పెడితే దెబ్బ ఒక్కో దిక్కు పోతది, మనం చెయ్యి వణికిందనుకుంటం.

ముందు చూపు రింగ్ ఒకటి రెండు సైజులు మార్చి చూడుండ్రి, నల్లటి బొట్టు చుట్టూ తెల్లటి సందు తేటగ కనపడాలె. సందు మరీ సన్నగుంటే కన్ను తొందరగ అలిసిపోతది. ఇది ఎవరి కంటికి వాళ్లే.

పెల్లెట్లు: ముందు చదునుగ ఉండే మ్యాచ్ పెల్లెట్, 0.53 గ్రాములది. డబ్బాల 500 ఉంటయ్. అద్దం మీద దొర్లించుండ్రి, అంచు సొట్టపడ్డది వంకర తిరుగుతది, పక్కకు పడేయుండ్రి. తల సైజు 4.49, 4.50, 4.51 అట్ల వస్తయ్. ఒక్కోటి నుంచి 5 దెబ్బలు, రైఫిల్‌ను గట్టిగ ఆనించి కొట్టండ్రి. మంచి జోడి కుదిరితే ఐదూ ఒక్క రంధ్రంలెక్క పడతయ్, అదే డబ్బా నెంబర్ రాసుకోండ్రి. సీసం గద, తినెముందు చేతులు కడుక్కోండ్రి.

క్లిక్ లెక్క. చూపు మీద హెచ్, టీ, ఆర్, ఎల్ జర్మన్ అక్షరాలు: పైకి, కిందికి, కుడి, ఎడమ. ఏ దిక్కు తిప్పితే దెబ్బ ఎటు పోతదో కంపెనీని బట్టి మారుతది, నమ్మకుండ్రి. 5 దెబ్బలు కొట్టి, 10 క్లిక్కులు తిప్పి, మళ్ల 5 కొట్టి, స్కేలుతోని కొలవండ్రి. 3 మిల్లీమీటర్లు జరిగితే క్లిక్కుకు 0.3. దెబ్బ 6 మిల్లీమీటర్లు ఎడమకు పడితే 20 క్లిక్కులు. మరల్ల వదులుంటది, అందుకే ఐదు క్లిక్కులు ఎక్కువ తిప్పి వెనక్కి రండ్రి, రోజూ ఒకే దిక్కు నుంచి వచ్చి ఆపుండ్రి.

ఇంట్ల కొట్టెటప్పుడు టార్గెట్ ఎనుక తలుపు ఉండొద్దు. తలుపు తీసేది పిల్లలే.

శుభ్రం చేసుడు: పొడి ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని) పెల్లెట్లు రెండు మూడు కలిపి కొట్టుండ్రి, 500 దెబ్బలకు ఒకసారి చాలు. ఇనుప కడ్డీ పెట్టొద్దు. శుభ్రం చేసినంక మొదటి పది పదిహేను దెబ్బలు చెదిరి పడతయ్, చూపు ముట్టుకోకుండ్రి, కుదురుకుంటది. పోటీకి ముందు రాత్రి శుభ్రం చెయ్యొద్దని చెప్పేది గందుకే.

రైఫిల్ తూకం చూడుండ్రి, పోటీకి చూపులతోని కలిపి 5.5 కిలోలు దాటొద్దు.

హన్మకొండ నుంచి హైదరాబాద్ పొయ్యేటోళ్లు కారు డిక్కీల కేస్ పెట్టి ఎండల నిలపకుండ్రి. రోహిణి కార్తెల మన ఎండలు ఎరుకే గద. 25 డిగ్రీల కాడ 200 బార్ నింపిన సిలిండర్ 60 డిగ్రీలకు ఎక్కితే లోపల 220 దాటుతది. సిలిండర్ విప్పి బట్టల చుట్టి నీ కాళ్ల కాడ పెట్టుకో తమ్మీ. రేంజ్‌కు పోయినంక కేస్ తెరిచి, రైఫిల్ అక్కడి గాలికి అలవాటు పడేదాకా అరగంట వదిలెయ్యుండ్రి. పోటీల గురి చూసుకునేందుకు ఇచ్చేది 15 నిమిషాలే, అండ్ల క్లిక్ దిక్కు వెతుక్కుంట కూసుంటే టైం అయిపోతది.