బలానికి పేరు పెడితే చాలదు, పని అప్పజెప్పాలి

అందరికీ నమస్కారం. కోచింగ్ అనగానే మన హైదరాబాద్‌లో అమీర్‌పేట సాఫ్ట్‌వేర్ కోర్సులో, అశోక్‌నగర్ గ్రూప్స్ క్లాసులో గుర్తొస్తాయి. అక్కడ ఒకరు చెబుతారు, మిగతావాళ్లు రాసుకుంటారు. ఇవాళ మాట్లాడుకునేది టీమ్‌లో ఒక్కొక్కరి బలం ఏమిటో కనిపెట్టే కోచింగ్. ఇందులో చెప్పే పని దాదాపు ఉండదు. అడగాలి, వినాలి, విన్నదాన్ని మళ్లీ ఆ మనిషికే వినిపించాలి. టీమ్ లీడ్లకు ఇదే కష్టం. సలహా ఎప్పుడూ నాలుక చివరే ఉంటుంది మరి.

ముందుగా, ‘మీ బలం ఏమిటి?’ అని సూటిగా అడగకండి. సొంత డబ్బా కొట్టుకోకూడదని చిన్నప్పటి నుంచీ నేర్చుకున్నవాళ్లం. అందుకే ‘హార్డ్‌వర్క్ సార్’ అనో, ‘పెద్దగా ఏమీ లేవండి’ అనో ఇంటర్వ్యూ జవాబు వస్తుంది. దానికి బదులు ‘మీ ఇంట్లో పెళ్లయితే మీకు ఏ పని అప్పజెబుతారు?’ అని అడగండి. ఒకరి చేతికి డబ్బు సంచి ఇస్తారు. ఒకరిని వంటవాళ్ల దగ్గర నిలబెడతారు. ఇంకొకరిని మగపెళ్లివారి విడిదికి పంపుతారు, ఎవరు అలిగారో మొహం చూసి పసిగడతారని. ఏ పరీక్షా పెట్టకుండానే చుట్టాలు ఈ లెక్క తేల్చేస్తారు.

అక్కడితో ఆగొద్దు. విడిది చూసుకున్న మనిషిని ‘ఆ రోజు సరిగ్గా ఏం చేశారు?’ అని అడగండి. కాఫీలు ఆలస్యమవుతాయని పెళ్లికొడుకు మేనమామకు ముందే చెప్పానంటారు. ‘ఆయనకే ఎందుకు?’ ‘ఆయన చెబితే మిగతావాళ్లు వింటారు.’ ఇప్పుడు దొరికింది. ఆ మనిషి బలం కలుపుగోలుతనం కాదు, పదిమందిలో ఎవరి మాట చెల్లుతుందో కనిపెట్టడం. ఆఫీసులో రోజంతా ఇన్‌వాయిస్‌లు సరిచూసే మనిషే అయితే, మొండి బకాయి ఒకటి ఇచ్చి క్లయింట్ దగ్గర ఎవరిని కదిలించాలో తేల్చమనొచ్చు. కలుపుగోలుతనం అని రాసుకుని ఉంటే ఈ పని తట్టేది కాదు.

ఇలాంటి సంఘటనలు మూడు కావాలి: చదువుకునే రోజులది, ఇంటిది, ఉద్యోగంలోది. గంట సెషన్‌లో 40 నిమిషాలు వీటికే పెట్టండి. మూడింటిలోనూ ఏ క్రియ మళ్లీ మళ్లీ వస్తోందో దాని కింద గీత గీయండి. ‘మంచివాడు’, ‘చురుకైనది’ లాంటి విశేషణాలు పనికిరావు.

బాగా చేసే పనంతా బలం కాదు. ఎక్సెల్ వచ్చని ఆఫీసులో షీట్లన్నీ ఒకరి నెత్తినే వేస్తారు, చేసేసరికి ఆ మనిషికి ప్రాణం ఉసూరుమంటుంది. అది నైపుణ్యం, అంతే. తేడా తెలియాలంటే ఏడు రోజులు, సాయంత్రం ఐదేసి నిమిషాలు, నోట్‌బుక్‌లో రెండు వరసలు రాయించండి: టైమ్ తెలియకుండా చేసినవి, వాయిదా వేస్తూ వచ్చినవి.

బలాలు తేల్చే ఆన్‌లైన్ పరీక్షల మాటేమిటంటారా? వీఐఏ సర్వేలో 24 గుణాలుంటాయి, ఉచితం. క్లిఫ్టన్‌స్ట్రెంగ్త్స్‌లో 34 అంశాలు, 177 వాక్యాల జతలు, జతకు 20 సెకన్లు, డబ్బు కట్టాలి. తెలుగులో ఆలోచించేవాళ్లు ఇంగ్లిష్ వాక్యాలను 20 సెకన్లలో తూచడం కష్టం. అందుకే నా లెక్కలో సంఘటనలు ముందు, పరీక్ష తర్వాత.

2005లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మార్టిన్ సెలిగ్‌మన్ బృందం ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. తమ ముఖ్య బలాలేమిటో తెలుసుకుని, కొత్త రకం ఏమీ లేకుండా వాటినే ఇంకాస్త ఎక్కువ వాడమన్నవారిలో సంతోషం కొద్ది రోజులే నిలిచింది. వారం పాటు రోజూ ఒక బలాన్ని కొత్త రకంగా వాడినవారిలో ఆ మార్పు ఆరు నెలల దాకా కనిపించింది. కాబట్టి సెషన్ ముగిసేలోపు కాగితం మీద ఒక బలం, ఒక చిన్న పని, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరితో అన్నవి ఉండాలి. ఎనిమిదో రోజు పావుగంట కూర్చుని ఏమైందో వినండి.

ఎక్కడ చెడుతుంది? ఒకటి, మోతాదు మించడం. వివరాలు పట్టే మనిషి పది లైన్ల మెయిల్‌కు గంట పెడతారు. వారికి ‘ఎక్కడ ఆపాలి?’ అన్న ప్రశ్న కావాలి. రెండు, ‘అది నా బలం కాదు’ అని టైమ్‌షీట్ నింపడం మానేయడం. జీతం పనిలో కనీస మట్టం తప్పదు. చెక్‌లిస్టో, తోడు మనిషో చూడాలి. అన్నిటికంటే చెడ్డది, ఈ కాగితం అప్రైజల్ ఫైల్లోకి వెళ్లడం. ఒక్కసారి వెళ్లిందా, ఆ పై సెషన్ నుంచి మీకు నచ్చే జవాబులే వస్తాయి.

ఒక్క సంఘటనా గుర్తురాక, రెండు వారాలుగా నిద్ర, ఆకలి లేవంటే అది కోచింగ్ పని కాదు. డాక్టర్ దగ్గరికి పంపండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఇప్పుడు పక్కవారివైపు తిరిగి పెళ్లి ప్రశ్న అడగండి. పది నిమిషాలు. మధ్యలో సలహా ఇచ్చినవారిదే ఇరానీ చాయ్ ఖర్చు.