బయట పట్టిన పురుగులు ఊసరవెల్లికి పెట్టవచ్చా? పురుగు పురుగుకీ నా మార్కులు

నమస్కారం. ఈరోజు సమీక్షకు తీసుకున్నది దుకాణంలో దొరికే సరుకు కాదు. పచ్చికలో వల వేసి, రాత్రి దీపం పెట్టి పట్టుకునే పురుగులు. పెంపుడు ఊసరవెల్లికి వీటిని మేతగా పెట్టవచ్చా, పెడితే ఏవి పెట్టాలి, ఎక్కడివి పెట్టాలి అన్నది చెబుతాను.

మేముండేది ఫ్లోరిడాలో. మా ఇంట్లో ఉన్నది వీల్డ్ కెమిలియన్, యెమెన్, సౌదీ అరేబియా ప్రాంతాల జాతి. ఆంధ్ర, తెలంగాణల నుంచి చూస్తున్నవారికి ముందే ఒక మాట: మన చేలగట్ల మీద, కంచెల్లో కనిపించే ఊసరవెల్లికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. దాన్ని పట్టి ఇంట్లో పెంచడం నేరం. కనిపిస్తే చూసి ఆనందించండి, దాని చెట్టు మీద దాన్ని ఉండనివ్వండి.

ఇక విషయానికి వద్దాం. దుకాణంలో కొనే కీచురాళ్లు, బొద్దింకలు ఉండగా బయటి పురుగులు ఎందుకు? రెండు కారణాలు. ఫారంలో పెరిగిన పురుగు తినేది ఏవో రెండు మూడు రకాల దాణా. ఆకులు, పుప్పొడి తిని పెరిగిన పురుగు కడుపులో అంతకన్నా ఎన్నో రకాల పోషకాలు ఉంటాయి, మొక్కల్లో పసుపు, నారింజ రంగునిచ్చే కెరోటినాయిడ్లు కూడా. రెండోది, ఊసరవెల్లి ఒకే మేతకు త్వరగా మొహం మొత్తే జీవి. కీచురాయిని చూసి కళ్లు తిప్పేసుకునే ఊసరవెల్లి, పచ్చ మిడత కొమ్మ మీద కదిలితే రెండు కళ్లూ దాని మీదే నిలిపి నాలుక విసురుతుంది. ఆ ఉత్సాహం చూడటానికి నేను ఎంత శ్రమైనా పడతాను.

పట్టే సాధనాల గురించి క్లుప్తంగా. సీతాకోకచిలుకల కోసం అమ్మే పలుచని వల గడ్డిలో ఈడిస్తే చిరిగిపోతుంది. మందపాటి గుడ్డతో కుట్టిన సంచి వల కొనండి. రాత్రికి తెల్ల దుప్పటి ఒకటి కట్టి దాని ముందు అతినీలలోహిత దీపం వెలిగిస్తే చాలు.

ఇప్పుడు మార్కులు. పచ్చిక మిడతలు, పచ్చవి, గోధుమ రంగువి: పదికి తొమ్మిది. పెద్ద మిడతలకు వెనక కాళ్ల ముళ్లు గట్టిగా ఉంటాయి కాబట్టి చిన్నవాటినే ఎంచుకుంటాను. దీపానికి వచ్చే రెక్కల పురుగులు, నున్నటి ఒంటివి: ఎనిమిది. ఎగిరే మేతను వేటాడటం ఊసరవెల్లికి మంచి వ్యాయామం. పెంకు పురుగులు: మూడు. పెంకు గట్టిది, లోపల తినేది తక్కువ. పైగా బ్లిస్టర్ బీటిల్స్ ఒంట్లో కాంథారిడిన్ అనే విషం ఉంటుంది. గొంగళి పురుగులు: ఏ జాతో ఖాయంగా తెలియకపోతే సున్నా. ఒంటినిండా నూగున్నవి అసలే వద్దు. మోనార్క్ సీతాకోకచిలుక గొంగళి జిల్లేడు కుటుంబపు మొక్కలను తిని, వాటి విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది.

ఫ్లోరిడాలో ఉన్నవారు లబ్బర్ మిడతను గుర్తుపట్టడం నేర్చుకోవాలి. పిల్లలు నల్లగా, పసుపు చారతో ఉంటాయి. పెద్దవి పసుపు, నారింజ రంగుల్లో, నెమ్మదిగా నడుస్తూ సులువుగా చేతికి దొరుకుతాయి. అలా దొరికిందని సంబరపడకండి, అది విషపు మిడత. ష్రైక్ అనే పిట్ట దాన్ని ముల్లుకు గుచ్చి, విషం తగ్గేదాకా ఒకటి రెండు రోజులు ఆగి తింటుంది. మన వైపు జిల్లేడు మీద కనిపించే రంగురంగుల మిడత కూడా ఇలాంటిదే.

అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది మిణుగురు గురించి. ఇక్కడి మిణుగురుల్లో లూసిబుఫాజిన్లు అనే విషం ఉంటుంది. అది గుండె మీద పనిచేస్తుంది. మిణుగురులు తిని పెంపుడు బల్లులు గంటల్లో చనిపోయిన ఉదంతాలు పశువైద్యులు నమోదు చేశారు. ఒక్కటి తిన్నా ప్రాణం పోవచ్చు. రాత్రి దీపం దగ్గర పట్టిన పురుగులన్నిటినీ వెలుతురులో ఒక్కొక్కటిగా చూశాకే బోనులో వదలండి.

ఇంతవరకు చెప్పింది పురుగు జాతి గురించి. నా దృష్టిలో అంతకన్నా పెద్ద ప్రశ్న, అది ఏ నేల మీద మేసింది అన్నది. పచ్చికకు మందు కొట్టినప్పుడు ఇక్కడ చిన్న జెండాలు పాతుతారు. జెండా తీసేసినంత మాత్రాన మందు పోయినట్టు కాదు. ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందు మొక్కలోకే ఎక్కి ఆకులోనూ, పుప్పొడిలోనూ చేరుతుంది. పట్టిన పురుగులను ఒకటి రెండు రోజులు ఇంట్లో శుభ్రమైన ఆకుకూర మేపడం మంచి అలవాటే, కడుపులోని పాత మేత బయటికి పోతుంది. కానీ ఒంటికి పట్టిన మందు అలా పోదు. అందుకే రోడ్ల పక్క గడ్డి, గోల్ఫ్ మైదానాలు, దోమల మందు చల్లే వీధులు నా లెక్కలో లేవు. మందు వాడరని యజమాని నోట విన్న స్థలంలోనే వల వేస్తాను. ఇంటి గోడల వెంట తిరిగే బొద్దింకలనూ ముట్టను, పక్కింట్లో ఏం కొట్టారో మనకు తెలియదు.

పరాన్నజీవుల భయం కూడా నిజమే. కొన్ని రకాల పొట్టపురుగులకు మిడతలు, బొద్దింకలే వాహకాలు. గడ్డకట్టించి పెడితే చాలా వరకు చస్తాయంటారు గానీ, కదలని మేతను మన ఊసరవెల్లి తినదు కదా. కాబట్టి ఏడాదికి రెండుసార్లు సరీసృపాల వైద్యుడి దగ్గర రెట్ట పరీక్ష చేయించండి. కాల్షియం పొడి చల్లడం మాత్రం మానవద్దు. బయటి పురుగుల్లోనూ దాదాపు అన్నిటిలో భాస్వరమే ఎక్కువ, కాల్షియం తక్కువ.

మా ఇంట్లో ఎండాకాలంలో మేతలో మూడో వంతు వరకు బయటి పురుగులు, మిగతాది కొన్నవి. చలికాలంలో అన్నీ కొన్నవే. అపార్ట్‌మెంట్లో ఉండి, చుట్టూ పచ్చిక నిర్వహణ వేరేవాళ్ల చేతిలో ఉన్నవారికి నా సలహా ఒక్కటే: బయటివి పెట్టకండి. పట్టుపురుగులు, బ్లాక్ సోల్జర్ ఈగ పిల్లలు కొని మార్చి మార్చి పెట్టండి. ఈ ఈగ పిల్లల్లో కాల్షియం సహజంగానే ఎక్కువ. వాటి సమీక్ష వచ్చే వీడియోలో.