జవాబుకు ముందున్న ఆ మూడు సెకన్లు

సభాధ్యక్షులకు, సాటి ఉపాధ్యాయులకు, పనులు మానుకుని వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారాలు. ప్రాథమిక తరగతుల పిల్లలు తమంతట తాము నేర్చుకునేలా, తప్పు వచ్చినా నిలదొక్కుకునేలా చేయడం ఎలాగన్నది నాకు అప్పగించిన అంశం. ఇందులో నన్ను ఏళ్లుగా బాధిస్తున్న విషయం ఒక్కటే: పిల్లలు ఆలోచిస్తుంటే మనం ఆగలేకపోతున్నాం.

ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని అమెరికన్ పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే గమనించారు. ఆ వ్యవధిని మూడు సెకన్లకు పెంచితే జవాబుల నిడివి పెరిగింది, నోరు విప్పని పిల్లలు మాట్లాడారు, ‘తెలియదు’ అనడం తగ్గింది.

మూడో తరగతిలో ఒక పాపను 52లోంచి 27 తీసివేయమన్నాను. రెండులోంచి ఏడు పోదు కనుక ఏడులోంచి రెండు తీసేసి, 35 అని రాసింది. పక్కనున్న ఉపాధ్యాయిని సుద్దముక్క అందుకోబోతే వద్దన్నాను. ‘నీ జవాబుకు 27 కలిపి చూడమ్మా’ అన్నాను, అంతే. 62 వచ్చింది. పాప బోర్డు వంక చాలాసేపు చూసి, ఐదు పుల్లల కట్టలు, రెండు విడి పుల్లలు గీసి, ఒక కట్టను కొట్టివేసి పక్కన పది గీతలు గీసుకుంది. 25 అని రాసి నా వైపు తిరగకుండానే మళ్లీ 27 కలుపుకుంది. దయచేసి ఈ చివరి మాట గమనించండి, జవాబు సరైనదో కాదో ఆ పాప నన్ను అడగలేదు.

ఆగడమంటే పిల్లలను వాళ్ల మానాన వదిలేయడం కాదు. ఏ ఆధారమూ దొరకని పిల్లవాడికి మన మౌనం శిక్షే అవుతుంది. అవసరమైనంత ఆసరా ఇచ్చి, పట్టు చిక్కేకొద్దీ దాన్ని తగ్గించాలని మనస్తత్వశాస్త్రవేత్తలు వుడ్, బ్రూనర్, రాస్ 1976లో రాసినది ఇందుకే. మెచ్చుకోలులోనూ జాగ్రత్త ఉండాలి. ‘నువ్వు తెలివైనదానివి’ అనిపించుకున్న పిల్లలు కష్టమైన పజిళ్లు ఎదురయ్యాక త్వరగా వెనక్కి తగ్గారని, శ్రమకు ప్రశంస పొందినవారు పట్టుదలగా కొనసాగారని మనస్తత్వశాస్త్రవేత్తలు మ్యూలర్, డ్వెక్ 1998లో చూపించారు. అందుచేత ‘కలిపి సరిచూసుకున్నావు, బాగుంది’ అని చేసిన పనినే పేర్కొనండి.

మళ్లీ అదే మాటకు వస్తున్నాను. తల్లిదండ్రులారా, ఇంటిపని దగ్గర పెన్సిల్ మీ చేతికి తీసుకోకండి. ‘ఎక్కడిదాకా వచ్చింది?’ అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి. ప్రధానోపాధ్యాయులకు నాదొక విన్నపం. కొట్టివేతలు లేని నోటుపుస్తకాన్నే మంచి పుస్తకంగా లెక్కించే అలవాటు వల్ల పిల్లలు తప్పును దాచడం నేర్చుకుంటున్నారు. ఈసారి పుస్తకాలు దిద్దేటప్పుడు కొట్టివేసిన లెక్కను, దాని కింద తిరిగి చేసిన లెక్కను రెంటినీ చూసి సంతకం చేయండి.