ఎవరు ఆడొచ్చు?
(కూచిపూడి నాట్య గురువుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు నమస్కారం. జతులు చెప్పమంటే ఎంతసేపైనా చెబుతాను గానీ, మైకు ముందు ఉపన్యాసమంటే నాకు తాళం తప్పుతుంది. అందుకే రాసుకొచ్చాను.

అమెరికాలో వాషింగ్టన్‌ను ఆనుకుని టకోమా పార్క్ అనే ఊరుంది. అక్కడ డాన్స్ ఎక్స్ఛేంజ్ అని లాభాపేక్ష లేని నాట్య సంస్థ ఒకటి పనిచేస్తోంది. 1976లో లిజ్ లెర్మన్ దాన్ని మొదలుపెట్టారు. అంతకు ముందు ఏడాదే ఆమె తల్లి క్యాన్సర్‌తో పోయారు. ఆ దుఃఖం మీద ఒక నాట్యం కడుతుంటే అందులోకి ముసలివాళ్ళు కావాల్సి వచ్చారు. మనమైతే పాతికేళ్ళ పిల్లకి తెల్ల విగ్గు పెట్టి, చేతికో కర్ర ఇచ్చేవాళ్ళం. ఆవిడ వృద్ధుల వసతి గృహానికి వెళ్ళి, అక్కడివాళ్ళకే నేర్పి వేదిక ఎక్కించారు. తర్వాత పెద్ద వయసువాళ్ళతోనే ఒక బృందం నడిపారు.

ఆ సంస్థ వేసుకునే ప్రశ్నలు నాలుగు. ఎవరు ఆడొచ్చు? ఎక్కడ ఆడుతున్నాం? దేని గురించి? ఎందుకు? నాకు మొదటిదే గుచ్చుకుంది. ఎందుకంటే అది మన ప్రశ్న. ఒకప్పుడు మన మేళాల్లో సత్యభామ వేషం కూడా మగవాళ్ళదే. వెంపటి చినసత్యం గారు మద్రాసులో 1963లో అకాడమీ పెట్టి ఎందరో ఆడపిల్లలకు నేర్పారు కాబట్టే ఇవాళ ఈ హాల్లో ఇన్ని చీరలు కనిపిస్తున్నాయి. ఇంకోవైపు, తరతరాలుగా ఆడిన కలావంతుల ఆడవాళ్ళకు, ఆడపిల్లల్ని దేవదాసీలుగా గుడికి అంకితమివ్వడాన్ని నిషేధించిన 1947 మద్రాసు చట్టంతో గుడి ముంగిట ఆట ఆగిపోయింది. దురాచారం ఆపాలన్నది మంచి ఉద్దేశమే. కానీ ఆ ఆట వచ్చినవాళ్ళు ఏమైపోయారని అడిగినవాళ్ళు తక్కువ.

లెర్మన్ బృందం చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది ఓడల యార్డు కథ. న్యూ హాంప్‌షైర్‌లో పోర్ట్స్‌మత్ అనే ఊరు, నది అవతల సబ్‌మెరైన్లు బాగుచేసే నౌకాదళ యార్డు. కోల్డ్ వార్ ముగిశాక యార్డు మూసేస్తారేమోనన్న బెంగ పట్టుకుంది. 1994 నుంచి 1996 దాకా బృందం అక్కడికి వెళ్ళివస్తూ కార్మికులతో మాట్లాడింది. వాళ్ళ కథల్లోంచి, మాట్లాడేటప్పుడు వాళ్ళ చేతులు కదిలే తీరులోంచి నాట్యం కట్టి, ఆ ఊరివాళ్ళతోనే ఆడించింది. రెండేళ్ళండీ! మనం వార్షికోత్సవానికి రెండు నెలల ముందు పాట వెతుక్కుంటాం.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. అక్కడ ఇలాంటి సంస్థలు గ్రాంట్ల మీద, విరాళాల మీద బతుకుతాయి. అదీ కటకటే. అయినా కళాకారుడి పారితోషికం బడ్జెట్‌లో ఒక పద్దు. మన దగ్గర హాలుకి, లైట్లకి, భోజనాలకి డబ్బుంటుంది. ఆడిన అమ్మాయికి శాలువా. మృదంగం ఆయనకి ఆ అమ్మాయి నాన్నగారు ఇచ్చుకుంటారు. నవ్వకండి, ఇక్కడున్న సగంమంది నిర్వాహకులే.

పోయిన వేసవిలో నేనూ ఒక చిన్న ప్రయత్నం చేశాను. మా క్లాసుకి పిల్లల్ని తీసుకొచ్చే అమ్మమ్మలు, నాయనమ్మలు వరండాలో చెప్పుల పక్కన కూర్చుంటారు. ఒకరోజు లోపలికి పిలిచి, మీరు జీవితంలో ఎక్కువసార్లు చేసిన పనేదో మాటల్లేకుండా చేతుల్తో చూపించండమ్మా అన్నాను. సిగ్గుపడ్డారు. ఒకావిడ మాత్రం లేచి, కొంగు బిగించి, నడుం వంచి, ఐదు వేళ్ళూ దగ్గరికి చేర్చి నేల మీద పొడుస్తూ వెనక్కి వెనక్కి నడిచింది. లయ ఎక్కడా తప్పలేదు. పిల్లలు ఒక్కసారిగా “ముకుళ హస్తం!” అని అరిచారు.

“ముకుళమేంటే, వరి నాటు,” అందావిడ.

ఇప్పుడు శనివారాలు మొదటి అరగంట ఆవిడే క్లాసు చెబుతోంది.