పోగు, ముగ్గు, నోటుపుస్తకం: విద్యార్థి మనసుకు సృజన చేసే మేలు

(దృశ్యం: బరంపురంలో ఒక నేత ఇల్లు. మగ్గం మీద పట్టుచీర కుంభం అంచు.)

వ్యాఖ్యానం: నమస్కారం. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగు ఇళ్లలో పుట్టి, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు చదివి, 1967లో ఏర్పడిన బరంపురం విశ్వవిద్యాలయం దాకా వచ్చిన విద్యార్థికి తన దిగులు ఏ భాషలో చెప్పుకోవాలో తేల్చుకోవడమే కష్టం. పరీక్షల భయం, ఇంటి మీద బెంగ, ఉద్యోగం వస్తుందో రాదోనన్న గుబులు లోలోపలే సుడులు తిరుగుతుంటాయి.

న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 658 మంది విద్యార్థుల చేత 13 రోజుల పాటు డైరీ రాయించారు. పాట కట్టడం, అల్లిక, బొమ్మ గీయడం, కొత్త వంట వంటి పనులు ఎక్కువగా చేసిన రోజుకు మర్నాడు వారిలో ఉత్సాహం, జీవితం బాగుందన్న భావన పెరిగినట్లు 2016లో వెల్లడించారు. ఉత్సాహంగా ఉన్న రోజుకు మర్నాడు సృజన పెరిగినట్లు మాత్రం కనబడలేదు. అంటే మనసు బాగుపడ్డాక గీద్దాంలే అని ఆగనక్కరలేదు.

(దృశ్యం: తెగిన పోగును ముడివేస్తున్న వేళ్లు.)

ఈ చేతులను గమనించండి. పోగు తెగిన చోటును వేలి కొసతో తడిమి, రెండు కొసలూ కలిపి ముడివేసేంతసేపూ చూపు అక్కడే నిలవాలి. వాకిట్లో చుక్కలు పెట్టి ముగ్గు కలిపేటప్పుడూ అంతే. ఆ కాసేపు మనసు బెంగను వదిలి చేతి వెంట నడుస్తుంది. ముగ్గు వంకరపోయినా ఫరవాలేదు, దానికి మార్కులు వేసేవారు లేరు.

రాయడం మరో దారి. అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున తమను కలచివేసిన సంఘటనల గురించి రాశారు. రాసిన వెంటనే బాధ పెరిగింది. కానీ ఆ సంఘటనలతో పాటు తమ భావాలనూ రాసినవారు తరువాతి నెలల్లో వైద్యకేంద్రానికి వెళ్లడం తగ్గింది. అందుచేత మొదటి రోజు ఏడుపొస్తే భయపడవద్దని నా మనవి. అయితే నిద్రాహారాలు కరవై, బతుకు మీదే విరక్తి కలుగుతుంటే సృజన ఒక్కటే చాలదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు వెంటనే ఫోన్ చేయండి.

(దృశ్యం: హాస్టల్ గది, రాత్రి. తెరిచిన నోటుపుస్తకం.)

తెలుగు లిపి రాని తెలుగు పిల్లలు మన వైపు ఎందరో ఉన్నారు. వారు అమ్మతో మాట్లాడే మాటలనే ఒడియా అక్షరాల్లో రాసుకోవచ్చు. ఆ పుస్తకాన్ని ఎవరికీ చూపించనక్కరలేదు.